ముగ్గుకి కింది వైపు

సొంతంగా గేములు చేసుకునేవాళ్ళ రోడ్‌మ్యాప్‌లు చదవడం నాకో అలవాటు. పాత కథల పుస్తకాల చివర ‘త్వరలో వెలువడనున్న మా ప్రచురణలు’ అని ఒక పేజీ ఉండేది చూడండి, ఇవీ దాదాపు అలాంటివే. ఆ పేజీలోని పుస్తకాల్లో సగం ఎప్పటికీ రావు. అయినా ఆ పేరుల్ని చదువుతుంటే ఆ ప్రచురణకర్త ఎలాంటి మనిషో తెలిసిపోతుంది.

వర్చువల్ రియాలిటీలో పనిచేసే ఒంటరి డెవలపర్ల ప్లాన్లు మరీ ఆసక్తిగా ఉంటాయి. ఉండేది ఒక్క మనిషి, మహా అయితే ఇద్దరు. ముందు ఒక పజిల్ గేమ్ అంటారు. దాని కోసం రాసుకున్న లెవెల్ ఎడిటర్‌ని విడిగా ఒక టూల్‌గా విడుదల చేస్తామంటారు. తర్వాత నలుగురు కలిసి ఆడే మోడ్, ఆ తర్వాత కంట్రోలర్ లేకుండా ఉత్త చేతులతో ఆడే వెర్షన్. ఇదంతా తెలుగులో రాస్తే ఇంకో సౌకర్యం కూడా ఉంది. ‘నేను గేములు చేస్తాను’ అంటే రోజూ చేసే పని అనీ అర్థమే, రేపెప్పుడో చేయబోయే పని అనీ అర్థమే. మన క్రియాపదం రెంటినీ విడదీయదు. వీఆర్ డెవలపర్ జీవితం కూడా సరిగ్గా ఆ క్రియాపదం లోపలే గడుస్తుంది.

ఈ ప్లాన్లలో ఆటలు ఒక వరస, టూల్స్ ఇంకో వరస ఉంటాయి. ఆ విభజన నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. వీఆర్‌లో గుర్తుండిపోయిన పనుల్లో చాలావాటికి ఆటా పనిముట్టూ ఒకే వస్తువు. అందుకని వాటిని చదివేటప్పుడు గ్రాఫిక్స్ ఎలా ఉంటాయి, ఎన్ని గంటలు ఆడొచ్చు అనేవి నాకు పెద్దగా పట్టవు. ఇందులో నేను ఏదైనా చేస్తే అది ఎవరి దగ్గర ఉంటుంది? ఇది మాత్రం వెతుకుతాను.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2012 ఆగస్టులో ఓక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం కిక్‌స్టార్టర్‌లో చందా అడిగారు. కావాల్సింది రెండున్నర లక్షల డాలర్లు, వచ్చింది 24 లక్షల పైచిలుకు. తొమ్మిదిన్నర వేల మందికి పైగా డబ్బులిచ్చారు. వాళ్ళలో చాలామందికి కావాల్సింది ఆడుకునే బొమ్మ కాదు, డెవలపర్ కిట్. అంటే మొదటి రోజు నుంచీ ఈ మాధ్యమం పాఠకుల కంటే ముందు రచయితలకి చేరింది. మన చిన్న పత్రికల పరిస్థితి తెలిసినవాళ్ళకి ఇది వింతగా ఏమీ అనిపించదు. రెండేళ్ళు తిరక్కుండానే, 2014 మార్చిలో, ఫేస్‌బుక్ ఆ సంస్థని రెండు బిలియన్ డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. చందా ఇచ్చినవాళ్ళలో చాలామందికి కోపం వచ్చింది. మేం ఇచ్చింది చందానా, పెట్టుబడా అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు రాకుండానే 2016 వచ్చేసింది. రిఫ్ట్ మార్చిలో, హెచ్‌టీసీ వైవ్ ఏప్రిల్‌లో అమ్మకానికొచ్చాయి.

వైవ్‌ని ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళకి దాంతో పాటు మూడు సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా ఇచ్చారు: జాబ్ సిమ్యులేటర్, ఫెంటాస్టిక్ కాంట్రాప్షన్, టిల్ట్ బ్రష్. మూడూ చిన్న బృందాల ఆలోచనలే. ఒకటి ఆట, ఒకటి ఆటలాంటి పనిముట్టు, ఒకటి పూర్తిగా పనిముట్టు. జాబ్ సిమ్యులేటర్ సరదాగా ఉంటుంది, నవ్విస్తుంది. దాని గురించి ఇక్కడ ఇంతకంటే చెప్పను.

ఫెంటాస్టిక్ కాంట్రాప్షన్ సంగతి వేరు. కోలిన్ నార్త్‌వే దీన్ని 2008లో ఫ్లాష్ గేమ్‌గా చేశాడు. బ్రౌజర్‌లో ఆడేది. చక్రాలు, కడ్డీలు కలిపి ఒక యంత్రం కట్టాలి, అది ఒక వస్తువుని గమ్యం దాకా తోసుకెళ్ళాలి. వీఆర్ వచ్చాక అతనూ అతని భార్య సారా, రేడియల్ గేమ్స్ వాళ్ళతో కలిసి దాన్ని కొత్తగా చేశారు. ఇప్పుడు యంత్రం స్క్రీన్ మీద ఉండదు, మీ ముందు మీ ఎత్తున నిలబడుతుంది. పక్కన నెకో అనే పిల్లిలాంటి జంతువు ఉంటుంది. మెనూ అంటూ ఏమీ లేదు, ముక్కలు దాని దగ్గర్నుంచే తుంచుకోవాలి. యంత్రం కూలిపోతే దాని చుట్టూ నడిచి, వంగి, ఎక్కడ ఊడిందో చూడాలి. మోటారు మెకానిక్ చూసినట్టు. ఫ్లాష్ వెర్షన్‌లో ఆటగాడు తెలివితో ఆడతాడు, ఇందులో నడుముతో ఆడతాడు. ఒకే ఆలోచనని రెండు శరీరాల్లో రాసిన రచయితగా నార్త్‌వే నాకు చాలా ఇష్టం. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ఆయుష్షు తీరిపోయింది. మొదటి ఆటని అది పుట్టిన రూపంలో మామూలు బ్రౌజర్‌లో ఆడే వీలు దాంతోనే పోయింది. ఆటలో లోపమేమీ లేదు. కింద ఉన్న నేల తీసేశారంతే.

ఇక టిల్ట్ బ్రష్. నా వరకు ఈ మాధ్యమంలో విమర్శకి పూర్తిగా తట్టుకుని నిలబడే పనుల్లో ఇదొకటి. డ్రూ స్కిల్‌మన్, ప్యాట్రిక్ హాకెట్ అనే ఇద్దరు 2014లో చదరంగం పావులతో ఏదో ప్రయోగం చేస్తుంటే, పావు జరిపినప్పుడు గాలిలో గీత మిగిలింది. ఆటని పక్కన పెట్టి ఆ గీత వెంట వెళ్ళారు. ప్లాన్‌లో లేనిదాన్ని గుర్తుపట్టి ప్లాన్‌ని వదిలేయగలిగారు, చూడండి, అది నాకు గొప్పగా అనిపిస్తుంది. మన కథకులు ఎంతమంది చేస్తారీ పని?

చేతిలో కంట్రోలర్, ఇంకో చేతి చుట్టూ తిరిగే రంగుల పలక. ట్రిగ్గర్ నొక్కి చెయ్యి కదిపితే గీత గాలిలో నిలబడిపోతుంది. దాని చుట్టూ తిరగొచ్చు, లోపలికి దూరొచ్చు. మొదటిసారి చేసినవాళ్ళందరూ ఒకే శబ్దం చేస్తారు, ‘అబ్బ!’ అని. ఆ ‘అబ్బ’ మీద నాకు కొంచెం అనుమానం ఉంది. టిల్ట్ బ్రష్‌లో వేసిన వంద బొమ్మలు చూస్తే ఎనభై ఒకే చేత్తో వేసినట్టుంటాయి. చీకటి నేపథ్యం, వెలిగే నియాన్ గీతలు, నిప్పు, మంచు, నక్షత్రాలు. బ్రష్‌లు అంత అందంగా ఉండేసరికి బొమ్మ వేసేవాడికి పని మిగలదు. పనిముట్టు తన శైలిని మనిషి మీద రుద్దేస్తుంది. పైగా గీత నిజానికి గీత కాదు, రిబ్బను. మణికట్టు తిప్పితే పక్కకి తిరిగి సన్నబడిపోతుంది. ముఖం గీద్దామని కూర్చుంటే బుగ్గ నిండదు, రిబ్బన్లు కట్టిన బుట్టలా వస్తుంది. రబ్బరుతో గీతలో కొంత ముక్క చెరపడమూ కుదరదు, గీత మొత్తం పోతుంది. ఇవన్నీ లోపాలే. వీటితో గొడవపడ్డవాళ్ళే మంచి బొమ్మలు వేశారు.

కానీ అసలు సంగతి పైకి కనబడదు, ఫైల్‌లో ఉంది. టిల్ట్ బ్రష్ దాచుకునే ఫైల్ జిప్ లాంటి ఒక మూట. అందులో బొమ్మ ఉండదు, దాన్ని వేసిన చేతి కదలిక ఉంటుంది. ప్రతి గీతా కొన్ని బిందువుల వరస. ఒక్కో బిందువుకీ చెయ్యి ఎక్కడుంది, ఏ వైపు వంగింది, ఎంత ఒత్తింది, ఏ క్షణాన అక్కడికొచ్చింది అనే లెక్కలు ఉంటాయి. అందుకే ఫైల్ తెరిచినప్పుడు గీతలు వేసిన వరసలోనే ఒక్కొక్కటిగా పుట్టుకొస్తాయి. రచయిత చిత్తుప్రతి, కొట్టివేతలు తప్ప మిగతాదంతా, రాసిన వేగంతో సహా మీకు దొరికినట్టన్నమాట.

ఇది నాకు నిజంగా అర్థమైంది కొండాపూర్‌లో ఒక ఫ్రెండ్ వాళ్ళింట్లో. వాడి కజిన్ అమెరికా నుంచి తెచ్చిన హెడ్‌సెట్‌లో ఓపెన్ బ్రష్ ఉంది. టిల్ట్ బ్రష్‌కి వారసురాలది, ఆ కథ ముందు చెప్తాను. వాళ్ళమ్మగారు మేం చేసే గోల కాసేపు చూసి, ‘నాకూ పెట్టండి’ అన్నారు. పెట్టాం. మేమందరం ఛాతీ ఎత్తున గాలిలో పిచ్చి గీతలు గీశాం కదా, ఆవిడ నేరుగా నడుం దగ్గర వంగి చేతిని గచ్చు దాకా దింపారు. చుక్కలు పెట్టడం మొదలెట్టారు. పదకొండు చుక్కలు, సరి చుక్క, ఒకటి వచ్చేదాకా. కళ్ళ ముందు గచ్చు లేదు, చీకటీ నక్షత్రాలూ ఉన్నాయి. అయినా చుక్కల మధ్య దూరం ఎక్కడా పెద్దగా తేడా రాలేదు.

‘పిండి చేతికి తగలట్లేదురా,’ అన్నారు కొడుకుతో. నాతో, ‘ఇది ధార ఎంత వదలాలో తెలియట్లేదు నాన్నా,’ అన్నారు. ఆ ఒక్క మాటలో ఉన్నంత విమర్శ నేను చదివిన వీఆర్ సమీక్షల్లో ఎక్కడా లేదు. ముగ్గు గీత వెడల్పు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో ఉంటుంది, పిండి బరువు దాన్ని కిందికి లాగుతుంది. ఇక్కడ దాని బదులు ట్రిగ్గర్ ఉంది, బరువు లేదు. ఆవిడ గీతలు మలుపుల దగ్గర మణికట్టు తిరిగినచోటల్లా సన్నబడి నిలువుగా లేచాయి. నేల మీద ముగ్గు ఎప్పుడూ చేయని పని అది. పూర్తయ్యాక ఫ్రెండ్ రెండు చేతులతో లోకాన్ని పట్టుకుని ఎలా తిప్పాలో చూపించాడు. ఆవిడ ముగ్గుని ఎత్తి గోడలా నిలబెట్టారు. తర్వాత తలమీదికి లేపి, కింద నిలబడి, చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయారు. ముగ్గుకి కింది వైపు ఉంటుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

ఫైల్ సేవ్ చేశాం. తర్వాత తెరిస్తే ముందు చుక్కలు వచ్చాయి, ఆ తర్వాత గీతలు. వంగిన ఆవిడ లెక్కల్లో అలాగే ఉన్నారు. చుక్కలన్నీ మోకాలి కింద, మలుపు గీతలు కాస్త పైకి.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, ముగ్గు దాచుకునేది కాదు కదా, మర్నాడు పొద్దున్నే తుడిచేసేది కదా అని. నిజమే. పోవడం దాని స్వభావంలోనే ఉంది. కానీ దాన్ని తుడిచేది వేసిన చెయ్యే, కళ్ళాపి చల్లి మళ్ళీ వేసేదీ ఆ చెయ్యే. ‘ఫలానా తేదీ నుంచి మీ వాకిలి మూసేస్తున్నాం, ఈలోగా మీ ముగ్గులు డౌన్‌లోడ్ చేసుకోండి’ అని ఎవరూ ఈమెయిల్ పంపరు.

టిల్ట్ బ్రష్ వాడినవాళ్ళకి దాదాపు అలాంటి కబురే వచ్చింది. 2015 ఏప్రిల్‌లో స్కిల్‌మన్, హాకెట్‌ల సంస్థని గూగుల్ కొనేసింది. (2017లో జాబ్ సిమ్యులేటర్ చేసిన ఔల్‌కెమీ ల్యాబ్స్‌ని కూడా కొంది. వైవ్‌తో ఇచ్చిన మూడింట్లో రెండు అలా ఒకే ఇంటికి చేరాయి.) ఇద్దరు మనుషుల ప్లాన్‌ని పెద్ద సంస్థ కొనుక్కోవడం నాకు పాపంలా కనబడదు. అద్దెలు కట్టాలి, అన్నం తినాలి. గూగుల్ చేతిలో పడ్డాక కొన్నేళ్ళు అది బాగానే పెరిగింది కూడా. త్రీడీ బొమ్మలు పెట్టుకునే పాలీ అనే గ్యాలరీ 2017లో వచ్చింది. చాలామంది తమ టిల్ట్ బ్రష్ బొమ్మల్ని అందులోనే పెట్టుకున్నారు. 2020 చివర్లో పాలీ మూసేస్తున్నామన్నారు, 2021 జూన్ 30న మూసేశారు. ఈ మధ్యలోనే, 2021 జనవరిలో, టిల్ట్ బ్రష్ మీద పని ఆపేస్తున్నట్టు చెప్పారు.

అయితే ఆపుతూ ఆపుతూ ఒక మంచి పని చేశారు. సోర్స్ కోడ్ మొత్తం అపాచీ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశారు. ఇచ్చినదాంట్లో కొన్ని భాగాలు లేవు, బయటివాళ్ళ లైసెన్సులున్నవి తీసేయాల్సి వచ్చింది. టిల్ట్ బ్రష్ అనే పేరు కూడా ఇవ్వలేదు. ఇల్లు రాసిచ్చి ఇంటిపేరు ఉంచుకున్నారు. అందుకే దాన్ని ముందుకు తీసుకెళ్ళిన ఇకోసా ఫౌండేషన్ వాళ్ళు ఓపెన్ బ్రష్ అని పెట్టుకున్నారు. అదే కోడ్ మీద నలుగురు కలిసి గీసే మల్టీబ్రష్ అనే ఇంకొకటీ వచ్చింది. ఓపెన్ బ్రష్ ఉచితం. పాత ఫైళ్ళు అందులో తెరుచుకుంటాయి. పాలీ పోయిన చోట ఇంకో గ్యాలరీ కూడా వాళ్ళే కట్టారు.

గూగుల్‌ని ఇందుకు పొగడాలా అంటే కొంతవరకు పొగడాలి. మిగతావాటికి ఏమైందో చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆల్ట్‌స్పేస్ చిన్న సంస్థగా మొదలై మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళి 2023 మార్చిలో మూతపడింది. ఎకో వీఆర్‌ని అదే ఏడాది ఆగస్టు 1న మెటా ఆపేసింది. గురుత్వాకర్షణ లేని చోట ఎగురుతూ డిస్కు విసిరే ఆట అది. దానికి ప్రాణంగా ఆడినవాళ్ళున్నారు. సర్వర్ ఆపేసిన మర్నాటి నుంచి వాళ్ళ చేతుల్లోని ఆ నైపుణ్యానికి ఈ లోకంలో అధికారికంగా చోటు లేదు. ఒక నాట్యరూపం పోయినట్టే కదా! మొజిల్లా తన హబ్స్‌ని 2024 మే చివర్లో ఆపేసింది. దాని కోడ్ మొదటి నుంచీ బయట ఉంది కాబట్టి వాడేవాళ్ళు కొందరు చేతుల్లోకి తీసుకోగలిగారు. కోడ్ బయట ఉండటం ఒక్కటే చాలదు, ఎవరో ఒకరు పూనుకోవాలి. కానీ కోడ్ బయట లేనప్పుడు పూనుకున్నా చేయగలిగేది చాలా తక్కువ.

ఇది మనకి పరాయి గొడవ కాదు. యూనికోడ్‌కి ముందు డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు పుస్తకాల ఫైళ్ళు ఎవరి కంప్యూటర్‌లోనైనా ఉంటే ఇప్పుడు తెరిచి చూడండి. ఆ ఫాంట్ లేకపోతే ‘అమ్మ’ బదులు గీతలూ బ్రాకెట్లూ వస్తాయి. రచయిత ఉన్నాడు, ఫైల్ ఉంది, అక్షరం లేదు. ఏళ్ళ తరబడి కన్వర్టర్లు రాస్తూ ఆ అక్షరాల్ని వెనక్కి తెచ్చినవాళ్ళు ఏం చేశారో, ఓపెన్ బ్రష్ వాళ్ళూ అదే చేస్తున్నారు.

అందుకే ఒంటరి డెవలపర్ ప్లాన్‌లో లెవెల్ ఎడిటర్ ‘కుదిరితే చూద్దాం’ అన్న వరసలో, ఎక్కడో అడుగున ఉంటే నాకు ఉత్సాహం తగ్గుతుంది. బీట్ సేబర్‌నే తీసుకోండి. ప్రాగ్‌లో చిన్న బృందం చేసిన ఆట. 2018 మేలో ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది, అధికారిక ఎడిటర్ ఏడాది తర్వాత వచ్చింది. ఆ ఏడాది జనం ఊరుకోలేదు, తమకిష్టమైన పాటలకి తామే సొంత ఎడిటర్లతో దెబ్బలు అమర్చుకున్నారు. 2019 నవంబర్‌లో ఫేస్‌బుక్ ఆ సంస్థని కొన్నాక కూడా ఆ పని ఆగలేదు. కాకపోతే ఆటకి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ మాడ్‌లు పనిచేయడం మానేస్తాయి, మళ్ళీ సరిచేసుకోవాలి. ఆటని బతికిస్తున్నవాళ్ళు ఆటలో కిరాయిదారుల్లాగానే ఉంటారు.

డెవలపర్ వైపు నుంచి కూడా చూడాలి. ఒక్క మనిషి. హెడ్‌సెట్‌లు మారుతూ ఉంటాయి, కంట్రోలర్ ఆకారం మారుతుంది, నిన్న పనిచేసిన లైబ్రరీ ఇవాళ పనిచేయదు. కొత్తది రాయాల్సిన నెలలు పాతదాన్ని నిలబెట్టడంలోనే పోతాయి. అలాంటి మనిషిని పట్టుకుని నీ తర్వాత నా ఫైల్ గతేంటి అని అడగడం దయలేని పనే. అయినా అడుగుతాను. ఎందుకంటే దీనికి జవాబు డబ్బుతో వచ్చేది కాదు, మొదటి వారంలో తీసుకునే ఒక చిన్న నిర్ణయంతో వచ్చేది. ఫైల్ మనిషి డిస్క్ మీద ఉంటుందా, సర్వర్‌లోనా? దాని అమరిక ఇంకొకరు చదివి అర్థం చేసుకునేలా ఉందా? టిల్ట్ బ్రష్ ఫైల్ మామూలు మూట కాబట్టే, అందులో కదలిక ఉంది కాబట్టే ఇంకొకరి చేతిలో మళ్ళీ బతికింది. స్కిల్‌మన్, హాకెట్ దీన్నంతా ముందే ఊహించి చేశారని నేననను. చేతిని నమ్మారు, అంతే.

ఓపెన్ బ్రష్ మీద నాకు తగాదా కూడా ఒకటుంది. ఈ మధ్య వెర్షన్లలో లేయర్లు, కలిసి గీసుకునే సౌకర్యంతో పాటు స్క్రిప్టులు వచ్చాయి. నాలుగు వరసల కోడ్ రాస్తే గీతలు వాటంతటవే పడతాయి, వేల సంఖ్యలో, తప్పు లేకుండా. పదకొండు చుక్కల ముగ్గు కావాలంటే రెప్పపాటులో వస్తుంది, గీత ఎక్కడా సన్నబడదు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఫైల్ తెరిస్తే అవీ బిందువులే, ఆవిడ గీతల పక్కన అదే అమరికలో కూర్చుంటాయి. ఏది చెయ్యి వేసిందో ఏది కోడ్ వేసిందో ఫైల్‌లోనే ఒక గుర్తు ఉంటే బాగుంటుందని నాకనిపిస్తుంది. మా ఫ్రెండ్‌కి ఈ మాట చెప్తే నవ్వి, గుర్తెందుకు, చుక్కలు మోకాలి కింద ఉన్నాయో లేదో చూసుకుంటే చాలదా అన్నాడు.